అతుకు దొరకలేదు, కప్ప దొరికిపోయింది

ఆ నాటకంలో వాన మొత్తం 22 నిమిషాలు పడాలి. రేకుల ఇల్లు, రాత్రి పూట, ఇద్దరు అన్నదమ్ములు, మధ్యలో తండ్రి మంచం. మాటల కింద వాన ఆగకుండా వినబడుతూ ఉండాలని డైరెక్టర్ గారు అన్నారు, సౌండ్ బాధ్యత నాది. జులైలో మా ఇంటి వసారాలో రికార్డ్ చేసిన వాన నా దగ్గర ఉంది. అందులోంచి శుభ్రంగా ఉన్న 38 సెకన్లు తీసి లూప్ చేశాను, అంటే అదే ముక్క ఆగకుండా తిరిగి తిరిగి వచ్చేలా. చివర వచ్చి మొదలుతో కలిసే ఆ అతుకు దగ్గర ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎన్నిసార్లు విన్నా ఎక్కడ ముగిసి ఎక్కడ మొదలైందో నాకే తెలియనంత బాగా కుదిరింది.

ప్రదర్శన అయ్యాక గ్రీన్‌రూమ్‌లో తండ్రి వేషం వేసిన పెద్దాయన మేకప్ తుడుచుకుంటూ నన్ను పిలిచారు. "బాబూ, వాన బాగుంది. కానీ అందులో ఒక కప్ప ఉంది చూశావా, అది ఐదోసారి అరిచాక నేను దాని కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. ఇదిగో ఇప్పుడు అరుస్తుంది అనుకోవడం, అది అరవడం. రెండు చోట్ల మాట తడబడ్డాను." ఆయన కోపంగా అనలేదు, అందుకే ఇంకా గట్టిగా తగిలింది. ఇంటికొచ్చి ఫైల్ తెరిచి విన్నాను. 29వ సెకను దగ్గర, ఎక్కడో దూరం నుంచి, ఒకే ఒక్క కప్ప, ఒకే ఒక్కసారి. 22 నిమిషాల్లో అది 34 సార్లు అరిచింది. అన్నిసార్లు విన్న నాకు అది ఎందుకు వినబడలేదంటే, నేను ప్రతిసారీ అతుకుకి ముందు రెండు సెకన్లు, తర్వాత రెండు సెకన్లు మాత్రమే విన్నాను.

లూప్ చేయడం నేర్పే వీడియోలు, పాఠాలు నేను చాలా చూశాను. దాదాపు అన్నీ అతుకు గురించే చెబుతాయి. ఎక్కడ కత్తిరించాలి, ఎంత క్రాస్‌ఫేడ్ పెట్టాలి, అయిపోయింది, ఎక్స్‌పోర్ట్ చేసేయండి. ఇది సగం పనే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. అతుకు వినబడకపోవడం వేరు, ఇది ఇందాక విన్నదే అని చెవికి తెలియకపోవడం వేరు. మొదటిది సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది, రెండోది మనం కూర్చుని వినడం వల్ల తప్ప రాదు.

అయినా ముందు అతుకు సంగతే చెప్పాలి, ఎందుకంటే అది కూడా చాలామంది తప్పుగానే చేస్తున్నారు.

ఒక శబ్దాన్ని ఎక్కడబడితే అక్కడ కత్తిరించి, చివరని మొదలుతో కలిపితే 'టక్' మని వినబడుతుంది. స్క్రీన్ మీద బాగా పెద్దది చేసి చూస్తే కారణం కళ్ళకే కనబడుతుంది. శబ్దాన్ని కొలిచి పెట్టిన చుక్కలే శాంపిళ్ళు, సెకనుకి 44,100, వాటి మీదుగా గీత పైకీ కిందికీ పోతూ ఉంటుంది. చివరి శాంపిల్ పైన ఎక్కడో ఆగిపోయి, మొదటి శాంపిల్ కింద ఎక్కడో మొదలైతే స్పీకర్ పొర ఒక్కసారిగా అక్కణ్ణుంచి ఇక్కడికి దూకాలి. ఆ దూకుడే టక్. అందుకని గీత సున్నాని దాటే చోట కత్తిరించమంటారు, దాన్నే జీరో క్రాసింగ్ అంటారు. ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ముక్క సెలెక్ట్ చేసి జెడ్ నొక్కితే రెండు అంచులూ దగ్గర్లో ఉన్న సున్నాలకి జరుగుతాయి. ఇంతవరకు అందరూ చెప్పేదే. చెప్పనిది ఏమిటంటే, చివర్లో గీత సున్నా దాటి పైకి పోతుంటే మొదట్లో కూడా పైకే పోతుండాలి. ఒకటి పైకి, ఇంకోటి కిందికి అయితే రెండూ సున్నా దగ్గరే కలిసినా అక్కడ ఒక మూల ఏర్పడుతుంది, శ్రద్ధగా వినేవాళ్ళకి అది చిన్న గీరులా తగులుతుంది. ఇంకొకటి, చవక మైకులతో రికార్డ్ చేసినప్పుడు గీత మొత్తం సున్నాకి కాస్త పైనో కిందో జరిగి ఉంటుంది. దాన్ని ముందు సరిచేసుకోకపోతే సున్నా అనుకుని మనం కోసేది నిజమైన సున్నా కాదు.

వానకి, సముద్రానికి, సంత గోలకి జీరో క్రాసింగ్ సరిపోదు. అక్కడ క్రాస్‌ఫేడ్ కావాలి, అంటే చివరి ముక్క తగ్గుతుంటే మొదటి ముక్క దాని మీదుగా పెరుగుతూ రావాలి. ఇదేమీ కంప్యూటర్ కనిపెట్టిన విద్య కాదు. టేపుల కాలంలో స్టూడియోల్లో బ్లేడుతో టేపుని నిటారుగా కాకుండా ఏటవాలుగా కోసేవాళ్ళు. పావు అంగుళం టేపుని 45 డిగ్రీల వాలుగా కోస్తే, సెకనుకి 15 అంగుళాల వేగంతో అది టేపుని చదివే హెడ్ మీదుగా పోతున్నప్పుడు ఒక ముక్క పోయి ఇంకో ముక్క రావడానికి దాదాపు 17 మిల్లీసెకన్లు పడుతుంది. బ్లేడుతో చేసిన క్రాస్‌ఫేడ్ అది. ఆ లెక్క మొదటిసారి వేసుకున్న రోజు నాకు భలే సంతోషమేసింది, అంతకుముందు ఆ ఏటవాలు కోత టేపు గట్టిగా అతుక్కోవడానికేనేమో అనుకునేవాణ్ణి.

పని చేసే పద్ధతి ఇది, నేను వానకైనా తంబూరాకైనా ఇలాగే చేస్తాను. తీసుకున్న ముక్కని సరిగ్గా మధ్యలో కోస్తాను. వెనక సగాన్ని ముందుకి, ముందు సగాన్ని వెనక్కి మారుస్తాను. ఇప్పుడు ఫైల్ మొదలు, చివర ఒకే కోతకి రెండు వైపులు కాబట్టి అవి కలిసేచోట సమస్యే లేదు, అవి పుట్టుకతోనే పక్కపక్కనున్న శాంపిళ్ళు. పాత మొదలు, పాత చివర ఇప్పుడు ఫైల్ మధ్యలోకి వచ్చాయి. వాటిని ఒకదాని మీదకి ఒకటి జరిపి తీరిగ్గా క్రాస్‌ఫేడ్ చేసుకోవచ్చు, ఎంత కావాలంటే అంత పొడుగ్గా, కళ్ళ ముందే, వింటూ. ఫైల్ అంచుల్లో దాక్కున్న అతుకుని సరిచేయడం కన్నా ఇది ఎంతో సులువు.

మొదట్లో ఫేడ్ ఇన్, చివర్లో ఫేడ్ అవుట్ పెట్టి దాన్ని లూప్ అంటున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. దయచేసి అలా చేయకండి. రాత్రంతా పెట్టుకుని నిద్రపోవడానికని ఎనిమిది గంటల వాన శబ్దం పెడతారు, ప్రతి రెండు నిమిషాలకి వాన సన్నబడి ఆగిపోయి మళ్ళీ మొదలవుతుంది. పసిపిల్లల్ని పడుకోబెట్టడానికి అది పెట్టుకున్న తల్లికి తెలుసు ఆ ఆగడం ఏం చేస్తుందో. శబ్దం ఉన్నప్పుడు లేవని పిల్ల శబ్దం ఆగగానే కళ్ళు తెరుస్తుంది.

క్రాస్‌ఫేడ్‌లో కూడా రెండు రకాలున్నాయి, ఏది ఎక్కడ వాడాలో తెలియకపోవడం వల్ల మంచి రికార్డింగులు పాడవుతున్నాయి. వాన చినుకులకి ఒకదానికి ఇంకోదానితో సంబంధం లేదు. అలాంటి రెండు ముక్కల్ని తిన్నని గీతలతో, అంటే ఒకటి సగానికి తగ్గినప్పుడు ఇంకోటి సగానికి పెరిగేలా కలిపితే మధ్యలో శబ్దం 3 డెసిబెల్స్ పడిపోతుంది. వాన ఒక్కక్షణం తెరిపిచ్చినట్టు ఉంటుంది. దీనికి పవర్ సమానంగా ఉంచే వంపు గీతలు వాడాలి. ఆడాసిటీలో క్రాస్‌ఫేడ్ ట్రాక్స్ అనే ఎఫెక్ట్‌లో కాన్‌స్టంట్ పవర్ అని ఉంటుంది, అది. అదే తంబూరాలాంటి దానికి, రెండు ముక్కల్లోనూ ఒకే స్వరం ఒకే దశలో, అంటే కంపనాల ఎత్తుకి ఎత్తు, పల్లానికి పల్లం కలిసేలా నడుస్తుంటే, పవర్ గీతలు పెడితే మధ్యలో 3 డెసిబెల్స్ ఉబ్బుతుంది. అక్కడ తిన్నని గీతలే సరి.

తంబూరా మాటొచ్చింది కాబట్టి కొంచెం ఆగుతాను, నా కష్టంలో సగం దానితోనే. మా అక్క పిల్లలకి సంగీతం చెబుతుంది. వాళ్ళింట్లో పాత తంబూరా ఉంది, యంత్రం పలికే పెట్టె శ్రుతి కాకుండా ఆ తంబూరానే పిల్లలు ఇంటి దగ్గర సాధన చేసుకోవడానికి ఫోన్లో వేసి ఇవ్వాలని అక్క కోరిక. ఐదున్నర శ్రుతి. పంచమం, రెండు సారణులు (మధ్య షడ్జం పలికే తీగలు), మంద్ర షడ్జం, నాలుగు తీగలు ఒకసారి మీటితే దాదాపు ఐదు సెకన్లు. మొదట ఆ ఒక్క చుట్టునే కోసి లూప్ చేశాను. అది తంబూరాలా లేనే లేదు. మంద్రం మీటినప్పుడు పంచమం ఇంకా మోగుతూనే ఉంటుంది, అలా ప్రతి తీగా తన తర్వాత మూడు మీటుల మీదుగా పరుచుకుంటుంది. ఒక చుట్టు దగ్గర కోస్తే ఆ నాదాన్నంతా పీక దగ్గర కోసినట్టే. పోనీ అతుకు ఎలాగో కుదిర్చినా, మనిషి వేలు ఏ రెండు చుట్లనీ ఒకేలా మీటదు, నాదం కోసం తీగ కింద పెట్టే జీవాళి దారం మీద తీగ ప్రతిసారీ కొద్దిగా వేరేగా పలుకుతుంది. ఒకే మీటుని వందసార్లు వినిపిస్తే అది యంత్రమైపోతుంది. అప్పుడు పెట్టె శ్రుతికి దీనికి తేడా ఏముంది?

అందుకని అక్కని పావుగంట ఆపకుండా మీటమన్నాను, అందులోంచి 12 చుట్లు తీశాను. రెండు చిక్కులొచ్చాయి. ఒకటి, పావుగంటలో తీగ కాస్త దిగింది. మొదట్లో ముక్కని చివర ముక్కతో కలిపితే రెండు షడ్జాల మధ్య ఒక్క హెర్ట్జ్ తేడా ఉన్నా క్రాస్‌ఫేడ్‌లో సెకనుకొక అల లేచి పడుతుంది. కాబట్టి పక్కపక్కనున్న చుట్లే తీసుకోవాలి, దూరంవి కాదు. రెండోది దశ. ఐదున్నర శ్రుతిలో సారణి తీగ సెకనుకి దాదాపు 208 సార్లు కంపిస్తుంది, అంటే ఒక్క కంపనం 212 శాంపిళ్ళు. అందులో సగం, కేవలం 106 శాంపిళ్ళు ముక్క అటో ఇటో జరిగిందంటే ఒకదాని ఎత్తు ఇంకోదాని పల్లంలో పడి ఒకదాన్నొకటి తినేస్తాయి, అతుకు దగ్గర షడ్జం మాయమైపోతుంది. పెద్దది చేసి చూసుకుంటూ, ఎత్తుకి ఎత్తు కలిసేదాకా ముక్కని కొంచెం కొంచెం జరిపాను. అతుకుని పంచమం మీటే క్షణానికి ఒక వెంట్రుకవాసి ముందు పెట్టాను, ఎందుకంటే ఆ మీటు తాకిడిలో చిన్న లోపం ఉన్నా అది కప్పేస్తుంది. మీటు ఉన్న ఏ వాద్యానికైనా అతుకు ఉండాల్సిన చోటు అదే.

తాళం లూపుల్లో లెక్క సులువు, అందుకే అందరూ కంటితో కోసేస్తారు. నిమిషానికి 72 దెబ్బల వేగంలో ఒక్క దెబ్బకి 36,750 శాంపిళ్ళు, ఆదితాళం ఎనిమిది అక్షరాలకి సరిగ్గా 2,94,000. అంతే ఉండాలి. 20 మిల్లీసెకన్లు తక్కువైతే లూప్ ఆగదు, కానీ ప్రతి ఆవర్తనం, అంటే తాళం ఒక పూర్తి చుట్టు, చివరా కుంటుతుంది, పాడేవాళ్ళు ఎందుకో తెలియకుండానే తొందరపడతారు. చివరి దెబ్బ తాలూకు మోత కోత దాటి అవతల ఉండిపోతే దాన్ని విడిగా తీసి మొదలు మీద కలపాలి. లేదంటే రెండు ఆవర్తనాలు వాయించి రెండోది మాత్రమే తీసుకోవాలి, అప్పుడు మొదటి దాని మోత రెండోదాని మొదట్లో సహజంగానే ఉంటుంది. నేను రెండో పద్ధతే వాడతాను, వాయించేవాళ్ళకి ఇంకో ఏడు సెకన్లు పట్టే పని కోసం నేను అరగంట మౌస్ పట్టుకోవడంలో అర్థం లేదు.

ఇప్పుడు మళ్ళీ కప్ప దగ్గరికి.

నాతో పనిచేసే ఒక మిత్రుడు వాదిస్తాడు, ప్రేక్షకులు నాటకం చూస్తారు కానీ వాన వింటారా అని. నిజమే, వాన వినడానికి ఎవరూ రారు. కానీ వినడం, వినబడటం ఒకటి కాదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో గట్‌మన్, యూలెష్ అనే ఇద్దరు 1963లో ఒక పరీక్ష గురించి రాశారు. హోరు తప్ప ఏ ఆనవాలూ లేని శబ్దాన్ని చిన్న ముక్క తీసి తిప్పితిప్పి వినిపించారు. అందులో గుర్తు పెట్టుకోవడానికి ఏమీ లేదు, కప్ప లేదు, పిట్ట లేదు. అయినా ఒక్క సెకను పొడవు దాకా ఉన్న ముక్కలు తిరిగి తిరిగి వస్తున్నాయని వినేవాళ్ళకి ఏ కష్టం లేకుండానే తెలిసిపోయింది. 2010లో ఫ్రాన్స్‌లో ఏగస్, థోర్ప్, ప్రెస్నిట్జర్ అనే పరిశోధకులు ఇంకొంచెం ముందుకెళ్ళారు. ఒక హోరు ముక్కని వినేవాళ్ళకి చెప్పకుండా మిగతా వాటి మధ్య మళ్ళీ మళ్ళీ కలిపి వినిపిస్తే, వాళ్ళ చెవి దాన్ని కొద్దిసార్లలోనే పట్టేసుకుంది, కొన్ని వారాల తర్వాత కూడా మర్చిపోలేదు. ఒట్టి హోరునే అలా దాచుకునే చెవికి రాత్రి వానలో ఒంటరి కప్ప దొరక్కుండా ఉంటుందా? ఆ పెద్దాయన తప్పేమీ లేదు, ఆయన చెవి తన పని తాను చేసింది.

పైగా తిరిగి వచ్చిన శబ్దం తన అర్థాన్నే పోగొట్టుకుంటుంది. 1948లో పారిస్ రేడియోలో పియర్ షేఫర్ అనే స్వరకర్త గ్రామఫోన్ రికార్డు మీద గాడిని గుండ్రంగా మూసేసి ఒకే ముక్క తిరిగేలా చేసి కూర్చున్నది ఇందుకే. తిరిగిన కొద్దీ రైలు చప్పుడు రైలుని మర్చిపోయి ఒట్టి శబ్దంగా, సంగీతంగా మారుతుందని ఆయన గమనించాడు. ఆయనకి కావాల్సింది అది. నాకు కావాల్సింది అది కాదు. నాకు కప్ప కప్పలాగే ఉండాలి, వాన వానలాగే ఉండాలి. 38 సెకన్లకోసారి అరిచే కప్ప కప్ప కాదు, తాళం. దరువు కోసం లూప్ చేసేవాళ్ళకి తిరిగిరావడమే అందం, దాంతో నాకు పేచీ లేదు. ప్రకృతిని లూప్ చేసేవాళ్ళు అదే పద్ధతి వాడటంతోనే పేచీ.

అందుకని ఇప్పుడు నా పని తారుమారైంది. ముందు వింటాను, తర్వాతే కోస్తాను. రికార్డింగ్ మొత్తం కళ్ళు మూసుకుని ఒకసారి వింటాను. కళ్ళు మూసుకోమనడం మాటవరసకి కాదు, స్క్రీన్ మీద గీతలు చూస్తుంటే చెవి బద్ధకిస్తుంది. దూరంగా వెళ్ళిన బండి, పక్కింటి కుక్కర్ విజిల్, చూరు నుంచి బకెట్లో పడ్డ పెద్ద చుక్క, ఏది ప్రత్యేకంగా తగిలినా ఆ నిమిషం సెకను కాగితం మీద రాసుకుంటాను. అవి లేని చోట్లు వెతుకుతాను. అలాంటి చోటు దొరకకపోతే ఆ ఒక్క క్షణాన్ని కోసి, రెండు వైపులా చిన్న క్రాస్‌ఫేడ్‌తో కలిపేస్తాను. వానలో అర సెకను పోయిందని ఎవరికీ తెలియదు. సముద్రమైతే ఇంకో జాగ్రత్త: వైజాగ్ బీచ్‌లో రికార్డ్ చేసిన అలలకి అల విరిగే చోట అతుకు పెడితే ఏం చేసినా కుదరదు, నీళ్ళు ఇసుకలోంచి వెనక్కి జారిపోయాక తర్వాతి అల లేచేలోపు ఒక సన్నని విరామం ఉంటుంది, అక్కడ పెట్టాలి.

తయారయ్యాక లూప్ బటన్ నొక్కి వేరే పని చూసుకుంటాను. కూరగాయలు తరుగుతాను, బట్టలు మడతపెడతాను. ఇరవై నిమిషాల్లో ఏ క్షణమైనా చెయ్యి ఆగి "ఇది ఇందాక వచ్చిందే" అనిపిస్తే ఆ ఫైల్ పనికిరాదు. ఎడిటింగ్ కుర్చీలో కూర్చుని చేసే ఏ పరీక్ష కన్నా ఇది కచ్చితమైనదని నా అనుభవం, ఎందుకంటే ప్రేక్షకులు కూడా వేరే పనిలో ఉండగానే వింటారు.

పొడవు సరిపోనప్పుడు ఒక మంచి ఉపాయం ఉంది. బ్రయన్ ఈనో అనే బ్రిటిష్ సంగీతకారుడు 1978లో విమానాశ్రయాల కోసం చేసిన ఆల్బమ్‌లో వేర్వేరు పొడవులున్న టేప్ లూపుల్ని ఒకేసారి తిప్పాడు, అవి ప్రతిసారీ కొత్తగా కలుస్తాయి. వానకి నేను అదే చేస్తున్నాను. రేకుల మీద వాన 53 సెకన్లు, చూరు నీళ్ళు 37 సెకన్లు, రెండు విడి ఫైళ్ళు, రెండూ తమ మానాన తాము తిరుగుతాయి. ఈ రెండూ మళ్ళీ మొదట్లోలా కలవడానికి 1961 సెకన్లు, అంటే 32 నిమిషాలు దాటాలి. మా సీన్ 22 నిమిషాలే. 40, 60 లాంటి గుండ్రటి అంకెలు పెడితే ఈ లాభం రాదు, రెండు నిమిషాలకే మళ్ళీ మొదటికొస్తాయి.

ఒక్కటి మర్చిపోకుండా చెప్పాలి, దీని వల్ల నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. ఇంత కష్టపడ్డ లూప్‌ని ఎంపీత్రీగా ఎక్స్‌పోర్ట్ చేయకండి. ఎంపీత్రీ శబ్దాన్ని 1152 శాంపిళ్ళ గంపలుగా నింపుతుంది, చివరి గంప నిండకపోతే మౌనంతో నింపుతుంది, మొదట్లో కూడా కాస్త మౌనం చేరుస్తుంది. ఆ ఖాళీ గుర్తించి తీసేసే ప్లేయర్లు కొన్ని ఉన్నాయి, కానీ నాటకం ఆడే ఊళ్ళో లాప్‌టాప్‌లో ఏ ప్లేయర్ ఉంటుందో మన చేతిలో లేదు. ఆడాసిటీలో అద్భుతంగా తిరిగిన అక్క తంబూరా ఫోన్లోకి వెళ్ళేసరికి ప్రతి నిమిషానికి ఒక ఎక్కిలి పెట్టింది. కోత తప్పేమో అని రెండు రోజులు కోస్తూనే ఉన్నాను. వేవ్, ఫ్లాక్, ఓగ్, వీటిలో ఏదైనా సరే, శాంపిల్ లెక్క తప్పదు.

వచ్చే నెల అదే నాటకం ఇంకో పరిషత్తులో ఉంది, తండ్రి వేషం ఆయనదే. కొత్త వాన సిద్ధమైంది. కప్పని పారేయలేదు. దాన్ని విడిగా కోసి ఒక చిన్న ఫైల్‌లో పెట్టుకున్నాను, లూప్‌లో లేదు. మూడో సీన్‌లో పెద్దకొడుకు తలుపు వేసుకుని వెళ్ళిపోయాక ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడకుండా మంచం మీద కూర్చుంటారు. అక్కడ, ఆయన మొహం చూస్తూ, నా చేత్తో ఒక్కసారి నొక్కుతాను.